ఇంట్లో రెండు యాంప్లిఫయర్లను సరిగ్గా పోల్చి వినడం ఎట్లా: సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో ఖరీదైన యాంప్ కొనాలనుకునేవాళ్లు చాలామంది చెన్నై నుంచో బెంగళూరు నుంచో ఒకటి తెచ్చుకుని నాలుగు రోజులు ఇంట్లో వింటారు. ఉన్న పాతదాని పక్కన పెడతారు. మొదటి పాటకే "తెర తీసినట్టుంది" అంటారు. రెండు రోజులయ్యాక నాకు ఫోన్ చేసి, "నిజంగా అంత తేడా ఉందా, నా భ్రమా?" అని అడుగుతారు.

నేనూ బోల్తా పడ్డవాణ్ణే. చిత్తూరు నుంచి మా బావమరిది కొత్త యాంప్ కారులో వేసుకొచ్చిన రోజు ముగ్గురం కూర్చుని విన్నాం, ముగ్గురం దానికే ఓటేశాం. వారం తర్వాత మీటరు పెట్టి చూస్తే అది మా ఇంటిదానికన్నా 0.8 డెసిబెల్ ఎక్కువ శబ్దంతో మోగుతోంది. సమం చేసి, ఏది మోగుతోందో తెలియకుండా మళ్లీ విన్నాను. పదిసార్లలో ఆరుసార్లే సరిగ్గా చెప్పగలిగాను.

కింది పద్ధతికి ఒక రాత్రి, ఒక మల్టీమీటరు, ఓపికున్న ఇంకో మనిషి కావాలి.

1. ముందు ప్రశ్న రాసుకోండి

"ఏది బాగుంది?" అని మొదలుపెట్టకండి. మొదటి ప్రశ్న "తేడా వినపడుతోందా?" అన్నది. దానికి అవునని తేలాకే "ఏది నచ్చింది?" అని అడగాలి. ఈ రెండూ కలిపేస్తే ధర, బరువు, ముందున్న లైట్లు అన్నీ తీర్పులోకి దూరతాయి.

ఇంటిగ్రేటెడ్ యాంపును (వాల్యూమ్, పవరు రెండూ ఒకే డబ్బాలో ఉండేది) ఇంటిగ్రేటెడ్‌తోనే పోల్చండి. పవర్ యాంపులైతే (స్పీకర్లను నడిపే భాగం ఒక్కటే ఉండేవి) రెండింటికీ ఒకే ప్రీయాంప్ (ముందు వాల్యూమ్, ఇన్‌పుట్ చూసుకునే డబ్బా) వాడండి. స్పీకర్లు, వైర్లు, డాక్ (డిజిటల్ ఫైలును సిగ్నల్‌గా మార్చే పెట్టె), పాట, కూర్చునే చోటు ఏవీ మారకూడదు.

2. దగ్గర పెట్టుకోవాల్సిన సామాను

- మల్టీమీటరు (దీని గురించి కింద చెప్తాను)
- 300 హెర్ట్జ్ టోన్ ఫైలు. ఫోన్ యాప్‌తోనో కంప్యూటర్‌లోనో తయారు చేసుకోవచ్చు
- రెండు చివర్లా బనానా ప్లగ్గులున్న స్పీకర్ వైర్లు
- పసుపు, నీలం టేపు. ఒక యాంపుకి పసుపు, ఇంకోదానికి నీలం అంటించి అవే పేర్లుగా పిలవండి. ఎరుపు, నలుపు వద్దు, స్పీకర్ టెర్మినళ్ల రంగులతో కలగాపులగం అవుతుంది
- పాత చీర లేదా దుప్పటి, కట్టడానికి తాడు
- నోటుబుక్కు, పెన్ను, రూపాయి నాణెం

మీటరు కొనేముందు దాని మీద ఏసీ వోల్టుల రేంజులు చూడండి. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే చౌక రకాల్లో ఏసీ కింద 200, 750 అని రెండే ఉంటాయి. కరెంటు ఉందో లేదో చూడటానికి అవి సరిపోతాయి. మన పనికి పనికిరావు, ఎందుకంటే 200 రేంజులో అది 0.1 వోల్టు కన్నా చిన్న తేడా చూపించలేదు. మనకు 0.01 వోల్టు కనపడాలి. ఏసీలో 20 వోల్టుల రేంజు ఉన్నది గానీ, రేంజు తనే మార్చుకునేది గానీ తీసుకోండి. లక్షల యాంపు కొనేవాళ్లు ఇక్కడ వెయ్యి రూపాయలకు వెనకాడటం నేను చాలాసార్లు చూశాను!

3. గది, వేళ

మన ఇళ్లలో కింద కడప బండలో టైల్సో, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ ఖాళీ గోడలు. చప్పట్లు కొట్టి చూడండి, గంయ్‌మని మోగితే ఆ మోత ఏ యాంప్ పెట్టినా ఉంటుంది. స్పీకర్లకూ మీకూ మధ్య నేల మీద మందపాటి జంపఖానా పరవండి, వెనక గోడకు ఒక పరుపు ఆనించండి. అందంగా ఉండదు. ఒక్క రాత్రికే కదా.

వేళ విషయంలో నా అనుభవం: రాత్రి పది దాటాక మొదలుపెట్టండి. వీధి సద్దుమణుగుతుంది, వోల్టేజీ కూడా సాయంత్రమంత ఊగదు. గంగమ్మ జాతర వారంలో, వినాయక చవితి రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, మైకులతో పోటీ పడలేం.

ఫ్యాను ఆపాలి. మే నెలలో అది శిక్షే. గదిని ఏసీతో చల్లబరిచి, ఏసీ ఆపి పదిహేను నిమిషాలు వినండి. మళ్లీ చల్లబరచండి. చెమట పట్టిన చెవి తొందరపడి తీర్పు చెప్పేస్తుంది.

4. కరెంటు, ఎర్తింగ్

రెండు యాంపులూ ఒకే సాకెట్టు వరుసలో ఉండాలి. ఒకటి స్టెబిలైజర్ మీద, ఇంకొకటి నేరుగా గోడకు పెడితే పోలిక అక్కడే చెడిపోతుంది.

మన సరఫరా 230 వోల్టులు. చాలా పవర్ యాంపుల్లో లోపలి సప్లయి రెగ్యులేట్ అయి ఉండదు, అంటే బయటి వోల్టేజీ ఊగితే లోపలిదీ ఊగుతుంది. వోల్టేజీ పది శాతం పడితే యాంప్ ఇవ్వగల గరిష్ఠ పవరు దాదాపు 19 శాతం తగ్గుతుంది. మామూలు వాల్యూమ్‌లో అది తెలియదు, పాటలో డోలు లాంటి పెద్ద దెబ్బలు పడినప్పుడు తెలుస్తుంది. అందుకే ఒకదాన్ని సాయంత్రం ఏడింటికి, ఇంకొకదాన్ని అర్ధరాత్రి వినడం కుదరదు.

కరెంటు పోతే పని ఆపేయండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, ఆ గుర్రును యాంప్ లోపంగా రాసుకుంటారు.

గుయ్‌మని హమ్ వస్తుంటే ఎర్త్ పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఎప్పుడూ ఆ పని చేయకండి. లోపల ఏదైనా తగులుకుంటే యాంప్ డబ్బా మీదే షాకు కొడుతుంది. ముందు కేబుల్ టీవీ వైరును సిస్టమ్ నుంచి పీకి చూడండి. చాలా ఇళ్లలో హమ్ అక్కడి నుంచే వస్తుంది. పాత మిద్దె ఇళ్లలో అసలు ఎర్తింగే ఉండదు. అలాంటిచోట ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి, ఆ తర్వాతే యాంపులు.

5. స్పీకర్లు తగిలించే ముందు ఒక పరీక్ష

సెకండ్ హ్యాండ్ యాంప్ అయితే ఇది తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా, వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చేయండి. పది నిమిషాలు ఆగి, స్పీకర్ టెర్మినళ్ల మధ్య డీసీ వోల్టేజీ చూడండి.

- 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత
- 100 దాటితే స్పీకర్లు తగిలించకండి, మెకానిక్‌కి చూపించండి

ట్యూబ్ యాంపులకు (ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాల్వులతో పనిచేసేవి) ఈ పరీక్ష వద్దు. స్పీకర్ గానీ సరైన లోడ్ గానీ లేకుండా నడిపితే వాటి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడైపోవచ్చు.

6. కనెక్షన్ల వరుస

1) అన్నీ ఆఫ్ చేయండి.
2) టోన్ కంట్రోళ్లు మధ్యలో పెట్టండి. లౌడ్‌నెస్, బాస్ బూస్ట్, గది కరెక్షన్ అన్నీ ఆపండి. డైరెక్ట్ బటన్ ఉంటే రెండింట్లోనూ నొక్కండి.
3) ప్లేయర్‌లో పాటల శబ్దాన్ని తనే సమం చేసే సెట్టింగు ఉంటుంది, అది ఆపండి.
4) స్పీకర్ వైర్లలో ప్లస్, మైనస్, ఎడమ, కుడి సరిచూడండి. ఒక పక్క తిరగబడితే బాస్ మాయమవుతుంది, గొంతు గదంతా చెదిరిపోతుంది.
5) ముందు డాక్, చివర యాంప్ ఆన్ చేయండి. ఆఫ్ చేసేటప్పుడు యాంప్ ముందు.
6) అరగంట వేడెక్కనివ్వండి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, ముఖ్యంగా క్లాస్ ఏ వాటిని. పాట లేకపోయినా అవి కాలుతూనే ఉంటాయి.

డాక్ నుంచి సిగ్నల్‌ని రెండుగా చీల్చి రెండు యాంపులకూ ఒకేసారి ఇచ్చేవాళ్లకు ఒక హెచ్చరిక. ఒక యాంప్ ఆఫ్‌లో ఉంటే దాని ఇన్‌పుట్ సర్క్యూటు సిగ్నల్‌ని తనవైపు లాగి, మోగుతున్న యాంపు శబ్దాన్ని కూడా పాడుచేయవచ్చు. రెండూ ఆన్‌లో ఉంచండి, లేదా (ట్యూబ్ యాంపు ఉంటే తప్పక) వాడనిదాని ఇన్‌పుట్ వైరు పీకేయండి.

రెండు యాంపుల ఔట్‌పుట్‌లు ఒక్క క్షణమైనా కలవకూడదు. స్విచ్ బాక్స్ వాడితే అది ప్లస్, మైనస్ రెండింటినీ తెంచి మార్చేదై ఉండాలి, ముందు తెంచి ఆ తర్వాతే కలపాలి. చాలా క్లాస్ డి యాంపుల్లో, బ్రిడ్జ్ రకాల్లో (ప్లస్, మైనస్ రెండింటినీ యాంపే నడిపేవి) మైనస్ టెర్మినల్ కూడా సిగ్నలే, ఎర్త్ కాదు. మైనస్‌లు ఉమ్మడిగా కలిపే బాక్స్ పెడితే యాంప్ పోతుంది. ట్యూబ్ యాంపు ఉంటే స్విచ్ బాక్స్ ఆలోచనే మానుకుని, ఆఫ్ చేసి చేత్తో ప్లగ్గులు మార్చుకోండి.

7. శబ్దం సమం చేయడం

మిగతా అంతటికన్నా ఈ అడుగు మీదే ఎక్కువ సమయం పెట్టండి. కొంచెం ఎక్కువ శబ్దంతో మోగేది మన చెవికి "ఎక్కువ" అనిపించదు. "స్పష్టంగా ఉంది", "బాస్ నిండుగా ఉంది", "గొంతు ముందుకొచ్చింది" అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే. సగం డెసిబెల్ తేడా కూడా ఆ మాయ చేయగలదు.

వాల్యూమ్ నాబ్ రెండింట్లోనూ పన్నెండు గంటల దగ్గర పెడితే సమం అయినట్టు కాదు. ఒక్కో యాంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందో) ఒక్కోలా ఉంటుంది. ఫోన్‌లో డెసిబెల్ యాప్ కూడా చాలదు, ఫోన్ అంగుళం జరిగితేనే రీడింగ్ మారిపోతుంది.

చేయాల్సింది ఇది:

1) స్పీకర్లు తగిలించి, మీరు మామూలుగా వినే వాల్యూమ్ దగ్గర పసుపు యాంప్ పెట్టండి.
2) వాల్యూమ్ బాగా తగ్గించి 300 హెర్ట్జ్ టోన్ మోగించండి, మెల్లగా పెంచండి. చెవికి కటువుగా ఉంటుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.
3) ఎడమ స్పీకర్ టెర్మినళ్ల దగ్గర మీటరుతో ఏసీ వోల్టేజీ చూడండి. దాదాపు 2.00 వోల్టుల దగ్గర ఆపండి. 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది అర వాట్.
4) కుడి స్పీకర్‌కీ చూడండి. రెండు అంకెలూ రాసుకోండి.
5) టోన్ ఆపి, యాంప్ ఆఫ్ చేసి, వైర్లు నీలం యాంపుకి మార్చండి.
6) ఎడమలో అదే అంకె వచ్చేదాకా నీలం వాల్యూమ్ సర్దండి. 1.98 నుంచి 2.02 లోపల ఉండాలి.
7) నాబ్ మీద టేపు అంటించండి. ఇక దాన్ని ఎవరూ ముట్టకూడదు.

వోల్టేజీలో ఒక శాతం తేడా అంటే 0.1 డెసిబెల్ కన్నా కొంచెం తక్కువ. 2.20 వచ్చిందంటే అది 0.8 డెసిబెల్ పైనే. మా బావమరిది యాంపు కథ అదే.

50 హెర్ట్జ్ టోన్ వాడకండి, కరెంటు హమ్ అంకెలో కలుస్తుంది. 10,000 దగ్గర చౌక మీటర్లు తప్పు చూపిస్తాయి. 300 దగ్గర రెండు బాధలూ లేవు.

కొన్ని యాంపుల్లో రిమోట్ వాల్యూమ్ మెట్లు మెట్లుగా కదులుతుంది. ఒక మెట్టు అర డెసిబెల్ అయితే సరిగ్గా 2.00 దగ్గర ఆగదు. ఇంకో యాంపుకి మామూలు తిప్పే నాబ్ ఉంటే, మెట్ల యాంపును ముందు పెట్టి, దాని అంకెకు రెండోదాన్ని సరిపెట్టండి. రెండూ మెట్లవైతే ప్లేయర్‌లో 0.1 డెసిబెల్ చొప్పున తగ్గించే సదుపాయం వాడి, ఏ యాంపుకి ఎంతో రాసుకోండి.

ఎడమ సరిపోయి కుడి సరిపోకపోతే? వాల్యూమ్ నాబ్ కింది భాగంలో రెండు ఛానెళ్లు సమంగా కదలని యాంపులు ఉంటాయి. ప్లేయర్ శబ్దం తగ్గించి, నాబ్‌ని ఇంకొంచెం పైకి తెచ్చి మళ్లీ కొలవండి. అప్పటికీ తేడా ఉంటే అది ఆ యాంపు గుణమే. నోటుబుక్కులో రాసుకోండి.

8. ఏ ముక్కలు వినాలి

పాట మొత్తం వద్దు. పదిహేను, ఇరవై సెకన్ల ముక్కలు నాలుగైదు చాలు. శబ్దపు సన్న వివరాలు మనకు కొన్ని సెకన్లే గుర్తుంటాయి.

- తంబుర ఒక్కటే మోగే చోటు: నెమ్మదైన శ్రుతిలో హిస్ (సుయ్‌మనే చప్పుడు), హమ్ దాక్కోలేవు
- మృదంగం తని (తాళవాద్యం ఒంటరిగా మోగే భాగం): తొప్పి (ఎడమ) వైపు గుంకి అనే లోతైన మోత, వలంతల (కుడి) వైపు దెబ్బ. బాస్ బిగువు ఇక్కడ తెలుస్తుంది
- నాదస్వరం, డోలు కలిసిన చోటు: గట్టిగా వినండి. పవరు చాలని యాంప్ ఇక్కడ దొరికిపోతుంది
- వీణ మీటు, ఆ వెంట గమకం: మోత తగ్గుతూ పోయే తీరు చూడటానికి
- మీకు కంఠతా వచ్చిన ఒక గొంతు

కీర్తన బాగుందని పాత అరిగిన రికార్డింగు పెట్టకండి. అందులోని గరగర రెండు యాంపుల్లోనూ ఒక్కలాగే ఉంటుంది.

9. చూసి ఒకసారి, చూడకుండా పదిసార్లు

మొదట చూస్తూనే వినండి. పసుపు, నీలం, మళ్లీ పసుపు. ఎక్కడ తేడా అనిపిస్తోందో రాసుకోండి: "మూడో ముక్క, తొప్పి దెబ్బ నీలంలో పొట్టిగా ఉంది" అన్నట్టు. "నీలంలో ప్రాణం ఉంది" అని రాస్తే తర్వాత దాన్ని పరీక్షించలేరు.

ఇప్పుడు చీర కట్టండి. యాంపులు, వాటి లైట్లు మీకు కనపడకూడదు.

సాయం చేసే మనిషి పని:

1) మీరు గదిలో లేనప్పుడు నాణెం పదిసార్లు విసరాలి. బొమ్మ పడితే పసుపు, బొరుసు పడితే నీలం. వరుసను రాసి జేబులో పెట్టుకోవాలి.
2) ప్రతిసారీ ముందు "ఇది పసుపు" అని ఒక ముక్క, "ఇది నీలం" అని అదే ముక్క వినిపించాలి. తర్వాత ఏమీ చెప్పకుండా జాబితాలో ఉన్నది వినిపించాలి.
3) అదే యాంపు మళ్లీ రావాల్సి ఉన్నా ప్లగ్గులు పీకి మళ్లీ పెట్టాలి. లేకపోతే చప్పుడును బట్టి, పట్టిన సమయాన్ని బట్టి మీరు కనిపెట్టేస్తారు.
4) నోరు మెదపకూడదు. "సరిగ్గా విను బావా" అన్నా చాలు, గొంతులోనే జవాబు దొరుకుతుంది.

మీరు జవాబు రాయండి. తెలియకపోయినా ఏదో ఒకటి రాయాలి, "రెండూ ఒకటే" అని వదిలేయకూడదు. ఐదు అయ్యాక మజ్జిగ తాగి పది నిమిషాలు ఆగండి. చెవులు అలసిపోతే అన్నీ ఒకేలా వినిపిస్తాయి.

చేత్తో మార్చేటప్పుడు మధ్యలో అర నిమిషం పడుతుంది, చిన్న తేడాలు ఆ ఖాళీలో జారిపోతాయి. రెండూ ట్రాన్సిస్టర్ యాంపులే అయితే 6లో చెప్పిన రకం స్విచ్ బాక్స్‌కి డబ్బు పెట్టడం మంచిదే.

10. మార్కుల లెక్క

- 10లో 9 లేదా 10: తేడా ఉంది. ఊరికే అంచనాతో ఇది వచ్చే అవకాశం దాదాపు 1 శాతం
- 10లో 8: ఉండొచ్చు. అదృష్టం కొద్దీ 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ రావడం 5.5 శాతం. ఇంకో రోజు మళ్లీ చేయండి
- 7 లేదా తక్కువ: తేడా ఉందని చెప్పడానికి ఇది చాలదు

ఓపిక ఉంటే పదహారుసార్లు చేయండి, 12 వస్తే ఒప్పుకోవచ్చు. ఎన్నిసార్లన్నది ముందే రాసుకోవాలి. ఐదుకి ఐదు రాగానే "ఇక చాలు" అని లేచిపోవడం లెక్కలోకి రాదు.

నాకు తెలిసినంతలో, సరిపడా పవరున్న రెండు మంచి ట్రాన్సిస్టర్ యాంపులను సమం చేసి వింటే చాలామందికి ఐదుకీ ఏడుకీ మధ్యే వస్తుంది. కోపం వస్తుంది. రానివ్వండి.

11. తేడా నిజంగానే దొరికితే ఎక్కడ వెతకాలి

పవరు చాలకపోవడం. నాదస్వరం, డోలు ముక్కలో తేడా ఉండి, రెండింట్లోనూ వాల్యూమ్ ఒకే మేర తగ్గించి విన్నప్పుడు మాయమైతే కారణం ఇదే. గుర్తుంచుకోండి, 50 వాట్ల నుంచి 100కి పోతే దొరికేది 3 డెసిబెల్ మాత్రమే. స్పీకర్ 4 ఓమ్‌లదైతే యాంపు 4 ఓమ్‌లకు ఎంత ఇస్తుందో చూడండి.

ఔట్‌పుట్ ఇంపెడెన్స్. అంటే యాంపు లోపలి నిరోధం. ట్యూబ్ యాంపుల తేడా ఎక్కువగా ఇక్కడిదే. ఒక యాంపు డ్యాంపింగ్ ఫ్యాక్టర్ (స్పీకర్ నిరోధం యాంపు లోపలి నిరోధానికి ఎన్ని రెట్లో) 8 ఓమ్‌లకు 4 అనుకోండి. దాని ఔట్‌పుట్ ఇంపెడెన్స్ 2 ఓమ్‌లు. మీ స్పీకర్ ఇంపెడెన్స్ ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర 4, ఇంకోదాని దగ్గర 20 ఓమ్‌లు ఉంటే, ఆ రెండు చోట్ల శబ్దంలో సుమారు 2.7 డెసిబెల్ తేడా వస్తుంది. టోన్ కంట్రోల్ తిప్పినట్టే. స్పీకర్ మారిస్తే ఈ తేడా రూపం కూడా మారిపోతుంది. కాబట్టి స్నేహితుడి ఇంట్లో నచ్చిన ట్యూబ్ యాంపు మీ ఇంట్లో నచ్చకపోతే ఎవరి తప్పూ లేదు. ఇలాంటిదాన్ని 300 హెర్ట్జ్ దగ్గర సమం చేసినా మిగతా చోట్ల సమం కాదు, ఆ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

హిస్, హమ్. పాట ఆపి, వాల్యూమ్ అక్కడే ఉంచి, ట్వీటర్ (సన్నని శబ్దాల చిన్న స్పీకర్) దగ్గర చెవి పెట్టండి. తర్వాత కూర్చునే చోటుకి రండి. అక్కడికీ వినపడితేనే పట్టించుకోండి.

12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

- కొత్తది ఎప్పుడూ రెండోసారే వినడం: రెండోసారి విన్నప్పుడు ఎవరికైనా కొత్త వివరాలు దొరుకుతాయి. వరుస తిరగేయండి
- ఒక్కోదానికి ఒక్కో వైరు వాడటం: ఒకే జత వాడండి
- మధ్యలో కుర్చీ జరపడం: కుర్చీ కాళ్ల దగ్గర నేల మీద టేపు వేయండి
- పదిమందిని పిలిచి ఓట్లు వేయించడం: మొదట మాట్లాడినవాడి మాటే అందరూ అంటారు. విడివిడిగా కాగితం మీద రాయించండి
- పరీక్షలో తేడా రాలేదని యాంపును తిట్టడం: చూడటానికి బాగుందనో, రిమోట్ బాగుందనో, రిపేరు దగ్గర్లోనే చేస్తారనో కొనుక్కోవచ్చు. ఆ కారణం కూడా నోటుబుక్కులో రాసుకోండి, శబ్దం ఖాతాలో వేయకండి

13. తిరిగి ఇచ్చేముందు

మిగిలిన రోజుల్లో కొత్త యాంపును ఒక్కదాన్నే పెట్టుకుని మామూలుగా పాటలు వినండి. మూడు గంటలు విన్నాక తల బరువెక్కుతోందా, డబ్బా చేయి పెట్టలేనంత వేడెక్కుతోందా, ఆన్ చేసినప్పుడు స్పీకర్‌లో ధబ్‌మంటోందా అన్నవి చూడండి. ఇవి పదిసార్ల పరీక్షలో తేలేవి కావు.

తిరిగి ఇవ్వాల్సి వస్తే ట్యూబులు చల్లారాకే ప్యాక్ చేయండి. లోపలి థర్మోకోల్ ఏ మూల ఎట్లా ఉందో పెట్టె విప్పిన రోజే ఫోటో తీసి పెట్టుకోండి. ముప్పై కిలోల యాంపును ఘాట్ రోడ్డు మలుపుల్లోనో హైవే గుంతల్లోనో వదులుగా తీసుకెళ్తే ట్రాన్స్‌ఫార్మర్ బోల్టులు సడలిపోతాయి.